తేలు దాచుకున్న రూలు

ఆమెను ఎదురుగా ‘మేడమ్’ అనేవారు, వెనక ‘తేలు’ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకునేది. కుట్టగలిగినదాన్నే కదా జనం తేలంటారు! ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఆరేళ్ళ సర్వీసు. రోగి మొహం చూడకుండా, రక్తపరీక్ష అంకెలు మాత్రం చూసి, ఏ వార్డులో ఏ నర్సు ఏం తప్పు చేసిందో చెప్పేసేది. ఫోనెత్తి చెడామడా దులిపేసేది. ఆమె సంతకం లేనిదే ఒక్క రిపోర్టు గడప దాటేది కాదు.

అలాంటి మనిషి ఎదురుగా పెద్ద డాక్టరు ఒక కళ్ళద్దాలాయన్ని తెచ్చి కూర్చోబెట్టాడు. రిపోర్టులు చదివి అర్థం చెప్పే కంప్యూటరును తయారుచేస్తున్నారట. దానికి తెలివి కావాలట.

"మీ బుర్రలో ఉన్నదంతా ఈయనకి చెప్పేయండి," అన్నాడు పెద్ద డాక్టరు, ఉప్పుడబ్బా అందుకోమన్నంత తేలిగ్గా.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి మొగుడి మీద విరుచుకుపడింది.

"చెప్పకపోతే పీకేస్తారే," అన్నాడాయన.

"చెప్తే మాత్రం ఉంచుతారా? కూర్చున్న కొమ్మ నరుక్కోమంటున్నారు. గొడ్డలి కూడా నన్నే తెచ్చుకోమంటున్నారు!"

మూడు నెలలు కళ్ళద్దాలాయన జిడ్డులా పట్టుకున్నాడు. ఇది పెరిగితే ఏంటి, అది తగ్గితే ఏంటి, రెండూ కలిస్తే ఏంటి? చెప్పకూడదనే అనుకునేది. కానీ తన గొప్ప చెప్పుకునే అవకాశం వస్తే నోరు ఊరుకుంటుందా? నాలుగువందల పైచిలుకు రూళ్ళు చెప్పేసింది. ఒక్కటి మాత్రం కావాలని మింగేసింది.

అది ఊదా మూత గొట్టం సంగతి. ఆ గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఒక పొటాషియం ఉప్పు వేసి ఉంటుంది. పొటాషియం, కాల్షియం కొలవడానికి తీసే ఎర్ర మూత గొట్టంలోకి రక్తం చాలకపోతే, మళ్ళీ సూది గుచ్చే ఓపిక లేని నర్సులు కొందరు ఊదా గొట్టంలోంచి కాస్త ఒంపేస్తారు. అప్పుడు పొటాషియం ఆకాశంలోనూ కాల్షియం పాతాళంలోనూ కనిపిస్తాయి. రోగి మాత్రం గుండ్రాయిలా ఉంటాడు. ఏదో ఒకరోజు ఈ కంప్యూటరు దీని దగ్గర బోర్లా పడాలి, అది పెద్ద డాక్టరు కళ్ళారా చూడాలి. ఆమె పంతం అది.

కంప్యూటరు వచ్చింది. రిపోర్టులు సంతకం లేకుండానే వార్డుల్లోని తెరల మీదికి వెళ్ళిపోసాగాయి. ఎర్ర అక్షరాలతో వస్తే పావుగంటలో వైద్యం మొదలుపెట్టాలని రూలు పెట్టారు. ఆమెను గొట్టాలకు చీటీలు అంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నిన్నటిదాకా వణికిన ల్యాబు కుర్రాళ్ళు ఆమె ముందే ఇకిలించుకుంటూ తిరిగారు.

ఆరు వారాలు పళ్ళు బిగబట్టింది. ఒక సోమవారం తొమ్మిదింపావుకి ల్యాబు తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. హెర్నియా ఆపరేషన్‌కి తన కాళ్ళ మీద తాను నడిచొచ్చిన ఒక దర్జీ. పొటాషియం తొమ్మిది, అంటే రెట్టింపు; కాల్షియం నాలుగు, అంటే సగం. ప్రాణాపాయం, వెంటనే పొటాషియం దించండి అని కింద సలహా.

ఆమె గుండె సంబరంతో గంతులేసింది. 'దొరికావే ముండా!' అనుకుంది. ఫోను చేతికందేంత దూరంలో ఉంది. కానీ ఫోన్లో చెబితే ఎవరు చూస్తారు? ఆ కాగితం ప్రింటు తీసుకుని పెద్ద డాక్టరు గది దగ్గరికి వెళ్ళింది. లోపల మీటింగు. ఆగమన్నారు, ఆగింది. వార్డు డాక్టరుకి ఆ మాత్రం ఇంగితం ఉండదా, మళ్ళీ రక్తం తీయిస్తాడులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. లోపల అనాల్సిన మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ ముప్పావుగంట నిలబడింది.

వార్డు డాక్టరు రూలు పాటించాడు. ఆమె లోపలికెళ్ళి కాగితం చూపించేసరికే పొటాషియం దించే సూది వేసేశారు. దర్జీ ఒంట్లో దించడానికి అంత పొటాషియం ఎక్కడిది? గుండె లయ తప్పింది. మధ్యాహ్నానికి మనిషి పోయాడు.

సాయంత్రం పెద్ద డాక్టరు బల్ల గుద్ది కళ్ళద్దాలాయన్ని కడిగిపారేశాడు. "మేడమ్ ఈ సంగతి చెప్పలేదు సార్," అని అతను గొణిగాడు. "నువ్వు అడగలేదుగా," అంది ఆమె. పెద్ద డాక్టరు ఆమె వైపు తిరిగి, "నాదే పొరపాటు. రేపట్నుంచి మీ సంతకం లేకుండా ఏదీ కదలదు," అన్నాడు.

గెలిచింది. బయటికొస్తే దర్జీ పెళ్ళాం నిలబడి ఉంది, చేతిలో భర్త కాగితాలతో.

"తప్పు కనిపెట్టింది మీరేనంట కదమ్మా?"

"అవును."

"సూది తొమ్మిదిన్నరకి వేశారు. మీరెప్పుడు కనిపెట్టారు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మనిషి కళ్ళలోకి చూస్తూ దాన్ని అనలేకపోయింది.

"తొమ్మిదింపావుకే."

"మరి వార్డుకి ఫోన్ చేయలేదేమ్మా? ఫోన్ పాడైందా?"

"లేదు," అంది తేలు. "బానే ఉంది."