శుక్రవారం ఆటలో లేచి కూర్చున్నావిడ

ఆ రోజుల్లో ఏ వస్తువునూ ఊరికే పారేసేవాళ్లు కాదు; ఏది ఎందుకు దాచాలో తెలుసుకోవడమే ఒక చదువు. నైజాం పాలన చివరి ఏళ్లలో, ఆత్మకూరులోని మా బాపు మగ్గం గుంట నుంచి తప్పించుకుని పాలమూరు టాకీసులో మిషన్ దగ్గర పనికి కుదిరిన నాకు ఆ చదువు చెప్పినవాడు ఆపరేటర్ చిచ్చా. ఆయన దగ్గర రెండు రేకు డబ్బాలుండేవి. ఒకదాంట్లో ఆట మధ్య తెగిన రీలు ముక్కలు. రెండోదాంట్లో సినిమా కంపెనీవాళ్లు తీసి, బాగా రాలేదని పక్కనపెట్టి, పొరపాటున మాకు పంపిన ముక్కలు. "రెండూ పనికిరానియే గద చిచ్చా, ఏం ఫరక్?" అని అడిగాను. నేను నేతపని ఇంటివాణ్ణని గుర్తుపెట్టుకుని ఆయన జవాబిచ్చాడు. "ఒకటి నేసంగ తెగిన పోగు, బేటా. అతికితె మల్ల బట్టల కలుస్తది. ఇంకోటి నేసినంక, మంచిగ లేదని మడిచి పెట్టిన బట్ట. అది బయటికి రావద్దు." నేను తల ఊపాను. (ఆ వయసులో నా తల ఎక్కువగా ఊపడానికే పనికొచ్చేది.)

ఒక శుక్రవారం చిచ్చా నమాజుకు పోతూ పగటి ఆటను మొదటిసారి నా చేతిలో పెట్టాడు. "జర పైలం. సక్కగ నడిపితె మిషన్ నీది. లేకుంటె మగ్గం కాడికే పోవాలె" అన్నాడు. నా ఘనకార్యం చూడటానికి మా అవ్వ ఆత్మకూరు నుంచి బండి కట్టించుకుని వచ్చి, ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంది. కథానాయిక భర్త ఒడిలో కన్నుమూసింది, ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు, సరిగ్గా అప్పుడే రీలు పటుక్కున తెగింది. కింద ఒకటే ఈలలు. తెగిన బారెడు ముక్కను బల్ల మీద పెట్టి కంగారుగా తిరిగేసరికి, నా మోచెయ్యి తగిలి రెండో డబ్బా ఆ ముక్క మీదే బోర్లాపడింది. చేతికందినదాన్ని వెలుతురుకు పట్టి చూశాను. అదే చీర, అదే ఒడి. అతికేశాను.

తెర మీద చనిపోయినావిడ చప్పుడు లేకుండా లేచి కూర్చుంది (ఆ ముక్కకు మాటలు లేవు). మెడ మీద దోమను కొట్టుకుంది, విరగబడి నవ్వింది, ఎవరో అందించిన చాయ్ తాగింది. హాలంతా నోరు తెరుచుకుని చూసింది. "బతికింది! నా తల్లి బతికిందే!" అని మా అవ్వ గొంతు వినిపించింది, ఆ వెంటనే చప్పట్లు మోగిపోయాయి. నిజం చెప్పొద్దూ, నాకూ ఆనందమే అయింది, ఆ ముక్క అయిపోయి అసలు కథ మొదలయ్యేదాకా. అందులో భర్త ఏడుస్తూ ఆమె చితికి నిప్పు పెడుతున్నాడు! "బతికున్నదాన్ని కాలవెడుతుండు! ఆపుండ్రి!" అంటూ జనం మెట్లెక్కి మిషన్ గది తలుపులు బాదారు. నమాజు నుంచి వచ్చిన చిచ్చా వాళ్లను తోసుకుంటూ లోపలికొచ్చి, ఆట ఆపి, సంగతి విని, నవ్వు కనిపించకుండా గోడ వైపు తిరిగాడు. "రేపొక్క ఆట చూస్త. మల్ల గిట్లయితె ఊరికి పోవుడే" అని మాత్రం గట్టిగానే అన్నాడు.

మర్నాడు ఒక్క తప్పు లేకుండా నడిపాను. ఆవిడ చనిపోయింది, లేవలేదు, చితి నిక్షేపంగా కాలింది. "శభాష్ బేటా, మిషన్ నీదే" అని చిచ్చా నా భుజం మీద చెయ్యి వేశాడు. ఊరికి పోకుండా ఆ ఆటకోసమే ఆగిపోయిన అవ్వ, కొంగుతో కళ్లొత్తుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఇయ్యాల మిషన్ కాడ నువ్వు లేవా బిడ్డా?"

చిచ్చా చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. "లేనవ్వా" అన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు మిషన్ నడిపాను, అందరూ మెచ్చుకునేలాగే నడిపాను. అవ్వ మాత్రం పోయేదాకా, నేను సరిగ్గా ఆడించింది ఆ శుక్రవారం ఆట ఒక్కటేనని నమ్మింది. ఇప్పుడు ఆమె వయసుకొచ్చాక, నాకూ అలాగే అనిపిస్తోంది.