అమ్మ చీర ఆకుపచ్చగా కనిపించిన ఫోను

కొత్త ఫోను ఇంటికి తెచ్చిన రోజే దానితో నాకు పేచీ మొదలైంది. పిల్లల పరీక్ష పేపరు ఒకటి ఫొటో తీసి చూస్తే కాగితం తెల్లగా లేదు, నెయ్యి ఒలికినట్టు ఉంది. మా ఆయన ఫోను పక్కన పెట్టి అదే ఫొటో రెండింట్లోనూ తెరిచాను. ఆయనదాంట్లో తెలుపు తెలుపుగానే ఉంది. నాదాంట్లో తెర మొత్తం పసుపు తిరిగి ఉంది.

"నీ ఫోనుకి కామెర్లొచ్చేయి. రెండు పూటలా కొబ్బరినీళ్ళు పట్టు," అన్నారు మా ఆయన.

నాకు నవ్వు రాలేదు. అమలాపురంలో ఒక స్కూల్లో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నదాన్ని. జవాబు దగ్గరదగ్గరగా వచ్చిందంటే ఒప్పుకోను. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇంట్లో అంటూ ఉంటారు. అప్పట్లో ఆ మాట నాకు మెప్పులాగే వినపడేది.

మర్నాడు బడి వదలగానే షాపుకి వెళ్ళాను. షాపాయన మర్యాదస్తుడు. అదే రకం ఫోన్లు రెండు డబ్బాల్లోంచి తీసి పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటి కాస్త నీలంగా ఉంది, రెండోది కాస్త పసుపుగా ఉంది.

"తెరలన్నీ ఒక్కలా రావండి. రెండ్రోజులు వాడేరంటే కళ్ళు అలవాటు పడిపోతాయండి," అన్నారు.

"మరి వీటిలో సరైనదేదండీ?"

"ఏదో ఒకటి చూసుకుంటే ఏదైనా సరైనదేనండి. పక్కన ఇంకోటి పెట్టుకుంటేనే ఇబ్బందండి."

ఆ జవాబుతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. నాలుగుసార్లు తిరిగాను. మూడోసారి గొంతు పెంచాను కూడా. చివరికి ఆయనే కంపెనీ వాళ్ళతో మాట్లాడి, శనివారానికి తెల్ల తెర ఉన్నది తెప్పిస్తానని, ఇది తెచ్చి ఇచ్చేయమని చెప్పారు. గెలిచానన్న సంతోషంతో ఇంటికొచ్చాను. ఆ సంతోషం గురించి రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ అది రాయకపోతే మిగిలినదంతా అబద్ధమవుతుంది.

మా నాన్నగారు బండారులంకలో నలభై ఏళ్ళు నూలుకి రంగులద్దిన మనిషి. నేసేవాళ్ళు పాత రవిక పీలికో, పువ్వురేకో పట్టుకొచ్చి ఈ రంగు కావాలండీ అంటే, దాన్ని వెలుతురులో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసేవారు. మళ్ళీ దానివైపు చూసేవారు కాదు. డేగిసాలో నీళ్ళు కాగుతుంటే రంగు పొడులు చేత్తోనే కలిపేవారు. తడి మీద ముదురుగా ఉన్న నూలు ఆరాక ఎంత తేలుతుందో ఆయనకి ముందే తెలుసు. ఆరిన నూలు చిలపల్ని అమ్మ రాట్నం మీద కండెలకి చుట్టేది. వాళ్ళిద్దరూ రోజంతా ఒకే పెరట్లో, పది అడుగుల దూరంలో, పెద్దగా మాటల్లేకుండా పని చేసుకుంటూ ఉండేవారు.

అమ్మ పోవడానికి మూడేళ్ళ ముందు నాన్నగారు ఆమె కోసమని ప్రత్యేకంగా నూలుకి రంగు వేసి, వెనకింటాయన చేత చీర నేయించారు. లేత అరిటాకు రంగు అనుకుని వేశారు. చీర మడత విప్పేసరికి నేను అక్కడే ఉన్నాను. అది నీలం. నికార్సైన నీలం కాదు, ఎక్కడో లోపల ఆకుపచ్చ జాడ ఉంది, కానీ ఎవరు చూసినా నీలమనే అంటారు.

"చూడు, లేత అరిటాకు. చెట్టు మీంచి కోసుకొచ్చినట్టు లేదూ?" అన్నారు నాన్నగారు.

"చాలా బాగుందండి," అంది అమ్మ.

నేను నోరు తెరవబోయాను. అమ్మ చూసిన చూపుకి మూసుకున్నాను. వంటింట్లోకి వెళ్ళాక గట్టిగానే చెప్పింది. "ఆ మాట ఆయన దగ్గర అన్నావంటే ఊరుకోను. రంగులాయనకి రంగు తెలీడం లేదంటే ఇంకా ఆయనకేం మిగులుద్దే?"

నాన్నగారి కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయని అప్పటికి మాకెవరికీ తెలియదు. శుక్లం చూపు మసకబార్చడమే కాదు, కంటికి పసుపుపచ్చని అద్దం తొడిగినట్టు చేస్తుందట. డాక్టరుగారు తర్వాతెప్పుడో చెప్పారు. ఆయన కళ్ళే కొంత పసుపు కలిపేస్తుంటే డేగిసాలో వేయాల్సిన పసుపు తగ్గిపోయింది. ఆకుపచ్చ కాస్తా నీలంలో ఆగిపోయింది.

ఆ మర్నాటి నుంచి అమ్మ తన రాట్నం డేగిసా పక్కకి జరుపుకుంది. "ఇంకో చెంచా పసుపు పడాలేమోనండి," అనేది. నాన్నగారికి కోపం నషాళానికి అంటేది. "నలభై ఏళ్ళనుంచి చేస్తున్నా. నాకు నువ్వు నేర్పుతావా?" అని అరిచేవారు. "నాకు తోచింది అన్నానండి," అని ఊరుకునేది. ఊరుకునేది గాని, ఆ చెంచా పడేదాకా అక్కణ్ణించి కదిలేది కాదు. ఆ మూడేళ్ళలో ఒక్క నూలు చిలప కూడా రంగు తేడా అని వెనక్కి రాలేదు. ఆ చీర మాత్రం అమ్మ ప్రతి శుభకార్యానికీ కట్టింది. నాన్నగారు నలుగురిలోనూ "మా ఆవిడ ఆకుపచ్చ చీర చూసేరా, నేనేసిన రంగే," అనేవారు. చూసినవాళ్ళు అమ్మ ముఖం చూసి, "ఆయ్, చాలా బాగుందండి," అనేవారు.

కళ్ళు చూపించుకోమని ఆయన్ని సాధించి సాధించి ఆసుపత్రికి పంపింది కూడా అమ్మే. ముందు కుడి కంటికి ఆపరేషనని రోజు నిర్ణయించారు. దానికి తొమ్మిది రోజుల ముందు, పొద్దున్నే కండెలు చుడుతూ చుడుతూ అమ్మ రాట్నం మీదికి ఒరిగిపోయింది. గుండె. మేం వెళ్ళి ఎత్తేసరికే అయిపోయింది.

నాన్నగారు ఆ రోజుతో డేగిసా బోర్లించేశారు. ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చేశాను. మూడు నెలలయ్యాక కుడి కంటికి ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పిన వారం రోజులూ ఇంట్లో మళ్ళీ నవ్వులు వినపడ్డాయి. "ఈ గోడలకి ఇంత తెల్ల సున్నం ఎప్పుడేసేరమ్మా?" అనేవారు. ఆకాశం చూసి, ఎవరో నీలిమందు ఎక్కువ పెట్టేరు అనేవారు. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, "ఈ కంటికి మన వీధి పాతది, ఈ కంటికి కొత్తది," అని మా ఆయనకి చెప్పి మురిసిపోయేవారు.

ఎనిమిదో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి. నాన్నగారు మంచం మీద అమ్మ చీర పరుచుకుని కూర్చున్నారు.

"ఇదేం రంగమ్మా?"

అబద్ధం చెప్పడానికి నాకు నోరు తిరగలేదు. "నీలమండి," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ నీలమేనండి, నాన్నగారూ."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసండి."

చీర అంచు వేళ్ళతో సవరించారు. తర్వాత, "డేగిసా దగ్గర దాన్ని ఎన్ని మాటలన్నానమ్మా," అన్నారు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నేను కాఫీ పెట్టడానికని లోపలికి వెళ్ళిపోయాను.

ఎడమ కన్ను కూడా తొందరగా చేయించేయాలి, ముదరనిస్తే కష్టమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నాన్నగారు వాయిదాలు వేయడం మొదలుపెట్టారు. ఒకసారి ఆషాఢమన్నారు, ఒకసారి వర్షాలన్నారు, ఒకసారి మోకాలు నొప్పన్నారు. భయపడుతున్నారనుకుని విసుక్కున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్ళినప్పుడు అసలు సంగతి చూశాను. కిటికీ పక్కన ఆ చీర పట్టుకుని, కుడి కన్ను అరచేత్తో మూసుకుని, ఎడమ కంటితో చూస్తున్నారు. ఆ కంటికి అదింకా ఆకుపచ్చే. ఆ కన్ను కూడా బాగైపోతే ఆకుపచ్చ చీర ఇంకెక్కడా ఉండదు.

ఈ పరిస్థితిలో వచ్చింది నా కొత్త ఫోను. మార్చడానికి ముందు రోజు, శుక్రవారం సాయంత్రం, పాత ఫోనులోని ఫొటోలు ఇందులోకి వచ్చాయో లేదో చూస్తూ నాన్నగారి పక్కన కూర్చున్నాను. మా పిన్నిగారి గృహప్రవేశంలో తీసిన ఫొటో వచ్చింది. అమ్మ ఆ చీరే కట్టుకుంది. నాన్నగారు చెయ్యి చాపితే ఫోను ఇచ్చాను. కుడి కన్ను మూసి చూశారు. ఎడమ కన్ను మూసి చూశారు. చెయ్యి తీసేసి రెండు కళ్ళతోనూ చూశారు.

"రెండు కళ్ళకీ ఒక్కలాగే ఉందమ్మా," అని నవ్వారు. బీరువా తెరిచిన రోజు నుంచి ఆ నవ్వు నేను చూడలేదు. "ఆకుపచ్చే."

ఒంగి చూశాను. నిజమే. ఆ పసుపు తెర మీద చీర లేత అరిటాకులా ఉంది.

"అది ఫోను తప్పు నాన్నగారూ. రేపు మార్చేస్తున్నానండి."

"ఇదే ఉంచేయకూడదామ్మా?"

"లోపం ఉన్న వస్తువు ఎవరైనా ఉంచుకుంటారా అండీ? అయినా చీర నీలమని మీకూ తెలుసు కదా."

"ఆయ్, నిజమేనమ్మా," అని ఫోను నా చేతిలో పెట్టేశారు.

నాకు అర్థం కాలేదని రాసుకుంటే సుఖంగా ఉండేది. అర్థమైంది. ఆయన ఏం అడుగుతున్నారో ఆ క్షణంలోనే తెలిసింది. కానీ నాలుగుసార్లు తిరిగి, గొంతు చించుకుని గెలిచిన గెలుపు వదులుకోవడానికి మనసొప్పలేదు. పైగా లేని రంగుని ఉందనుకుని బతకడం ఆయనకి మంచిది కాదని నాకు నేను పాఠం చెప్పుకున్నాను. అమ్మ ఎవరూ అడక్కుండానే ఆ అబద్ధాన్ని మూడేళ్ళు మోసింది. ఆయన నోరు తెరిచి అడిగినా నేను ఒక్క రోజు మోయలేకపోయాను.

శనివారం ఫోను మార్చుకొచ్చాను. సాయంత్రం ఆయనే అడిగి తీసుకుని ఆ ఫొటో చూశారు. ఈసారి ఏ కన్నూ మూసుకోలేదు.

"బాగుందమ్మా. తెలుపు తెల్లగా ఉంది," అని ఇచ్చేశారు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు.

ఆదివారమంతా ఆ ఫోనుతో కుస్తీ పట్టాను. కళ్ళకి శ్రమ తగ్గించడానికని తెరని పసుపుగా మార్చే ఏర్పాటు ఒకటి అందులోనే ఉంటుంది. దాన్ని పెంచి, తగ్గించి, చివరికి ఒకచోట ఆపి తీసుకెళ్ళి చూపించాను. నాన్నగారు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది పైన పూసిన పసుపమ్మా. రంగులో కలవలేదు," అన్నారు. నా ముఖం చూసి, "ఎందుకమ్మా నీకు శ్రమ, ఇదీ బాగానే ఉంది," అని కూడా అన్నారు.

సోమవారం మళ్ళీ షాపుకి వెళ్ళాను. నన్ను చూడగానే షాపాయన ముఖం మాడిపోయింది. నేనిచ్చిన ఆ పసుపుది మళ్ళీ కావాలన్నాను.

"అది కంపెనీకి పంపేసేమండి," అన్నారు. "అదే వద్దని కదండీ ఇంత గొడవా చేసేరు?"

"అవునండి. నాదే తప్పండి," అన్నాను.

షాపాయన పాపం కుర్చీ వేశారు. ఉన్న డబ్బాలు మూడు తెరిచి చూపించారు. ఒకటి నీలం, రెండు తెలుపు. ఏ ఒక్కటీ పసుపుది కాదు. మంచినీళ్ళు తాగి లేచి వచ్చేశాను. బస్సులో ఇంటిదాకా నిలబడే ఉన్నాను. పక్కన సీటు ఖాళీగా ఉందని ఎవరో చెప్పారు గాని కూర్చోబుద్ధి కాలేదు.

బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ నాన్నగారే అన్నారు. "డాక్టరుగారు రమ్మన్నారు కదమ్మా. ఆ రెండో కన్ను కూడా చేయించేద్దాం."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే ఆయన ప్రాణం తీశాను. తీరా ఆయన నోటివెంట వచ్చేసరికి వాయిదా వేయబోయింది నేనే. "తొందరేం లేదు నాన్నగారూ, వర్షాలు తగ్గనివ్వండి," అన్నాను.

"ఎన్నాళ్ళని ఆపుతాంలే," అన్నారు.

ఆపరేషన్ రోజున ఎనిమిదింటికల్లా ఆసుపత్రిలో ఉండాలన్నారు. మా ఆయన ముందే వెళ్ళి చీటీ తీసుకున్నారు. ఏడింటికి ఆటో వచ్చి గుమ్మంలో ఆగింది. టైము దాటితే ఎదుటివాళ్ళని నిలబెట్టి కడిగేసే అలవాటు నాది. చెప్పులేసుకుని, కాగితాల సంచీ భుజాన తగిలించుకుని, రెండుసార్లు పిలిచాను. పలకకపోయేసరికి చిరాకుతోనే లోపలికి వెళ్ళాను.

పెరటి గుమ్మంలో ఎండపొడ పడేచోట కూర్చుని ఉన్నారు. చీర రెండు చేతుల మీదా పరుచుకుని ఉంది. చెయ్యి ఖాళీ లేక కాబోలు, తువ్వాలు మడిచి కుడి కంటికి అడ్డంగా కట్టుకున్నారు. ఎడమ కన్ను ఆర్పకుండా చూస్తున్నారు. నేను వచ్చిన అలికిడి వినపడే ఉంటుంది. తల తిప్పలేదు.

నా నోటిదాకా వచ్చింది, టైమైందండీ అని.

చెప్పులు విప్పేసి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వీధిలోకి వచ్చాను. కొంచెంసేపు ఆగమని ఆటో ఆయనతో చెప్పాను.

"ఎంతసేపండీ?" అని అడిగారు.

"తెలీదండి," అన్నాను.