అద్దం తలుపు అవతల నుంచి

హిల్డా ఓర్మరాడ్ మహా మంచి మనిషని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. ఆవిడ నోటికి జడిసి పాలవాడు సైతం సీసాలు చప్పుడు కాకుండా పెట్టి పోయేవాడు. ఇంగ్లండులో బర్న్‌లీ ఊరి పక్కన మా బట్టల మిల్లులో పందొమ్మిదేళ్లు ఆవిడ పక్క మగ్గాల మీద పనిచేశాను. నా దారం తెగితే నాకన్నా ముందు ఆవిడే చూసి తిట్టేది.

తిట్టు మాత్రం వినపడేది కాదు. ఆ షెడ్డులో ఎనిమిది వందల మరమగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే దేవుడు దిగొచ్చి పిలిచినా వినపడదు. అందుకని మా నేతపని ఆడవాళ్లం గొంతు వాడం. పెదవులు సాగదీసి, కనుబొమలు ఎగరేసి, చప్పుడు లేకుండా మాట్లాడుకుంటాం. ఎవరింట్లో గొడవైందో, ఎవరికి నెల తప్పిందో అన్నీ నాలుగు వరసల అవతల నుంచే తెలిసిపోతాయి. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. గడప కడుగుతూ ఎదురింటావిడతో కూడా అలాగే మాట్లాడతాం.

ముప్పై నాలుగేళ్లు చేశాక హిల్డాకు తుంటి నొప్పి పట్టుకుంది, మిల్లు మానేసింది. చెవులు అప్పటికే సగం పోయాయి. ఆ ఏడే కూతురు డోరీన్‌కు గ్లెనిస్ పుట్టింది. డోరీన్ మిల్లుకు వెళ్తే పిల్ల అమ్మమ్మ దగ్గర పెరిగింది.

గ్లెనిస్‌ను బడిలో వేసిన ఆరు నెలలకు ఉత్తరం వచ్చింది. పిల్ల పిలిస్తే పలకదట, చెప్పింది చెయ్యదట, మాట ముద్దగా ఉందట. చెవులు పరీక్ష చేయించారట, లోపం లేదట. కాబట్టి బుద్ధి తక్కువ పిల్లల బడికి మార్చాలి, ముందు ఫలానా మంగళవారం క్లినిక్‌లో డాక్టరుకు ఒకసారి చూపించాలి. ఆ బడి సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. అక్కడికి వెళ్లిన పిల్లలకు బుట్టలల్లడం నేర్పుతారు, చదువు చెప్పరు. వెళ్లినవాళ్లు ఎవరూ వెనక్కి రాలేదు.

డోరీన్ ఏడ్చింది. హిల్డా ఏడవలేదు. పొయ్యి ముందు వీపు తిప్పి ఆడుకుంటున్న పిల్లను చూస్తూ నిలబడి, "మిఠాయి కావాలా?" అని గట్టిగా అరిచింది. పిల్ల కదల్లేదు. ఎదురుగా వెళ్లి అదే మాట గొంతు లేకుండా పెదవులతో అంది. పిల్ల వెంటనే చెయ్యి చాపింది.

నన్ను పిలిపించి మళ్లీ చేసి చూపించింది.

"చూశావుటే నెల్లీ? దీనికి చెవులు లేవే. ఐదేళ్లు దాని మొహంలో మొహం పెట్టి మాట్లాడి నేనే కనిపెట్టలేకపోయాను," అంది. మాలో ఎవరం కనిపెట్టాం గనక? వీధి వీధంతా అలాగే మాట్లాడుతుంటే పిల్లకు వినపడుతోందనే అనుకున్నాం. బడిలో టీచరమ్మ నల్లబల్ల వైపు తిరిగి పాఠం చెప్తుంది. అక్కడే పిల్ల దొరికిపోయింది.

మంగళవారం నేనూ వెళ్లాను, హిల్డా ఎవరినైనా కొడితే పట్టుకోవడానికి. డాక్టరు బల్ల మీద బొమ్మలు పరిచాడు. పిల్లకు ఎదురుగా కూర్చుని గుసగుసగా, "బాతు ఇవ్వమ్మా" అన్నాడు. ఇచ్చింది. "బంతి." ఇచ్చింది. నున్నగా గీసుకున్న మొహం, దొడ్డు పెదవులు. గది మూలన కూర్చున్న నేనే చదివేశాను.

"చూశారుగా అమ్మా, వినికిడి బాగుంది. లోపం బుద్ధిలో ఉంది."

"మొహానికి కాగితం అడ్డం పెట్టుకుని అడగండి," అంది హిల్డా.

"ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నానమ్మా. మీరు నాకు నేర్పనక్కర్లేదు."

"నేను నా పని ముప్పై నాలుగేళ్లు చేశాను. నేర్పుతాను, కూర్చోండి."

లేచి కుంటుతూ బయటికి వెళ్లి తలుపు వేసేసింది. తలుపు పై సగం అద్దం. పిల్ల చూపు అటే వెళ్లింది. అద్దం అవతల హిల్డా పెదవులు కదిలాయి. పిల్ల గుర్రాన్ని తీసి డాక్టరు చేతిలో పెట్టింది. మళ్లీ కదిలాయి. చెంచా తీసి ఆయన కోటు జేబులో దోపింది. మూడోసారి కదిలినప్పుడు నేను నోరు నొక్కుకున్నాను. గ్లెనిస్ కుర్చీ ఎక్కి బాతును డాక్టరు నెత్తిన కూర్చోబెట్టింది.

హిల్డా లోపలికి వచ్చింది.

"నేనన్నది మీకు వినపడిందా?"

"లేదు."

"మీ చెవులు బాగానే ఉన్నాయిగా?"

"ఉన్నాయి."

"మీ చెవులకే అందంది దానికెలా వినపడింది?"

బాతు ఇంకా డాక్టరు నెత్తి మీదే ఉంది.

"ఇది చెవిటి పిల్ల. ఐదేళ్లకే మనుషుల మొహాలు చదువుతోంది. మీకు ఇరవై ఏళ్లైనా రాలేదు. బుద్ధి ఎవరికి తక్కువో ఆ కాగితంలో సరిగ్గా చూసి రాయండి."

ఆయనకూ న్యాయం చేయాలి. బాతును దించి, పిల్ల వెనక నిలబడి మళ్లీ పరీక్ష చేశాడు. గిలక్కాయకు, గంటకు తిరగలేదు. డప్పు మోగిస్తేనే తిరిగింది. బడి మార్చే కాగితం ఆపి, మాంచెస్టర్‌లో చెవుల డాక్టర్లకు రాశాడు.

జూన్‌లో వినికిడి యంత్రం వచ్చింది. గుండె మీద కట్టుకునే పెట్టె, దాన్నుంచి చెవుల దాకా తీగలు. మొదటిరోజు పిల్ల ఏడ్చి పీకి పారేసింది. హిల్డా మళ్లీ పెట్టింది. రోజుకు అరగంట, తరవాత గంట. చెక్క చెప్పులేసుకుని, ఆ తుంటితోనే రాతిబండల మీద అటూ ఇటూ నడిచేది, పిల్ల చప్పుడు వైపు తిరిగేదాకా. నొప్పి కదా మానెయ్యమంటే, "నీ పని చూసుకోవే" అంది. ఆ మొండితనం చూస్తే నాకు కోపమూ వచ్చేది, కళ్లలో నీళ్లూ వచ్చేవి.

సెప్టెంబరులో బడి తెరిచినరోజు ముగ్గురం వెళ్లాం. గౌను పైన, అందరికీ కనపడేలా, ఎర్ర మందపాటి గుడ్డతో హిల్డా ఒక జేబు కుట్టింది. పెట్టె అందులో ఉంది.

కొత్త తరగతి టీచరమ్మ చూసి, "దీన్ని గౌను లోపల దాచకూడదా? పిల్లలు వింతగా చూస్తారు," అంది.

"లోపల పెడితే గుడ్డ రాపిడి తప్ప ఇంకేం వినపడదు. చూడనివ్వండి, కళ్లున్నది అందుకే. మీరు మాత్రం పాఠం నల్లబల్లకు కాదు, దీని మొహానికి చెప్పండి."

గ్లెనిస్ టీచరమ్మను పైనుంచి కిందికి తేరిపార చూసింది. అమ్మమ్మ వైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులు కదిపింది. *ఈవిడకు మీసాలున్నాయి.*

నేను గోడ వైపు తిరిగాను. హిల్డా మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఏమంటోంది?" అని అడిగింది టీచరమ్మ.

"ముందు బెంచీ కావాలంటోంది," అంది హిల్డా. "మిమ్మల్ని దగ్గర్నుంచి చూడాలట."

టీచరమ్మ ముందు బెంచీ చూపించింది. గ్లెనిస్ వెళ్లి కూర్చుంది.