ఐదు టన్నుల బండి

మా బంధువుల ఇళ్ళలో ఈ కథ ఇలా చెబుతారు: బీకాం చదివింది, మగరాయుడిలా లారీ ఎక్కింది, కాగితం సరిగ్గా చదవలేదు, హొసకోటె దగ్గర పట్టుబడింది. చివర్లో "మేము ముందే చెప్పలేదా?" అని ఒక మాట కలుపుతారు. ముందే చెప్పిన ఆ మహానుభావులెవరో నాకు ఇప్పటికీ కనబడలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదన్నదే నా గొడవంతా.

నాన్నది షామియానా వ్యాపారం. పందిళ్ళు, కుర్చీలు, వంటపాత్రలు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చేవాడు. వాటిని మోయడానికి ఒక పాత డీజిల్ లారీ ఉండేది. నాన్న పోయాక పంపకాల్లో అంగడి, గోడౌను అన్న తీసుకున్నాడు. నేను లారీ అడిగాను. ఏళ్ళుగా కారు నడుపుతున్నదాన్ని. ఎవరో డ్రైవరును పెట్టుకుని రోజూ బతిమాలుకునే బదులు నేనే తోలుకుంటే ఏం పోయిందనుకున్నాను.

లైసెన్సు సంగతి అన్ననే అడిగాను. ఏటేటా ఆ బండిని ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్ళి, రోడ్డెక్కడానికి పనికొస్తుందనే ఎఫ్.సి. కాగితం చేయించుకొచ్చేది అతనే. అమ్మ కాఫీ గ్లాసులు అందిస్తూ అక్కడే ఉంది.

"నీ కారు లైసెన్సే చాలు పోవే," అన్నాడు. "ఏడున్నర టన్నుల దాకా అది నడుస్తాది. మనది ఐదు టన్నుల బండి. ఇంకా రెండున్నర మిగిలే ఉండాది, కావాలంటే మీ ఆయన్ని కూడా ఎక్కించుకో."

అందరం నవ్వాం. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు.

మా వ్యాపారంలో బండిని అది మోసే సరుకుతోనే పిలుస్తాం. ఐదు టన్నులు ఎత్తితే ఐదు టన్నుల బండి, అంతే. దాని మోడలేమిటో, ఏ తరగతిలోకి వస్తుందో ఎవరికీ పట్టదు. లైసెన్సుకు లెక్క అది కాదు. సరుకూ, ఇనుమూ, టైర్లూ అన్నీ కలిపిన మొత్తం బరువు చూస్తారు. ఈ తేడా నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. ఆర్సీ కార్డు మీద అక్షరాలు అరిగిపోయాయని సాకు చెప్పొచ్చు. కానీ అరగని వాటిని మాత్రం చదివానా?

ఎనిమిది నెలలు నడిపాను. మారతహళ్ళిలో, కార్లు అడ్డదిడ్డంగా నిలిపిన సందుల్లో, లారీని వెనక్కి తీసి గేటులోంచి దూరుస్తుంటే వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికొచ్చి చూసేవాళ్ళు. నా పెళ్ళిలో కూడా నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

హొసకోటె దగ్గర తనిఖీలో ఇన్‌స్పెక్టరు నా లైసెన్సు తీసుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"ఏమమ్మా, ఈ లైసెన్సు పెట్టుకొని ఇంత బండి తోల్తా ఉండారా?"

"ఇది ఐదు టన్నుల బండి సార్. రూలు నాకూ తెలుసు."

"ఐదు టన్నులు మీరు ఎత్తే సరుకు తల్లీ. బండిని ఎవరు మోసేది, మీరా?"

నేను ఊరుకునే రకం కాదు. ఎక్కడుందో చూపించమన్నాను. అతను డ్రైవరు వైపు తలుపు తీయించాడు. ప్రతి ఆయుధపూజకూ నాన్న కొట్టించిన రంగుల కింద, తలుపు పక్కన, ఒక చిన్న రేకు ఉంది. తాళంచెవితో గీకమన్నాడు. గీకాను. నీలం, దాని కింద పచ్చ, దాని కింద ఎరుపు, ఆ కింద అంకెలు. మొత్తం బరువు తొమ్మిది టన్నులు. హెవీ లైసెన్సు లేకుండా తోలకూడని బండి.

కుర్చీలతో సహా లారీ ఆర్టీఓ వాళ్ళ యార్డుకు పోయింది. నా లైసెన్సు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఆ సాయంత్రం నేను ఒప్పుకున్న నామకరణానికి కుర్చీలు అన్న అంగడి నుంచి వెళ్ళాయి. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ నన్ను పిలవలేదు.

అన్న వచ్చి తల పట్టుకున్నాడు. "నాకేం తెలుసునప్పా! నేనూ ఐదు టన్నులే అనుకుంటి." పాపం అనిపించింది. ఇద్దరమూ ఒకే తప్పు చేశామని కాస్త ధైర్యం కూడా వచ్చింది. "ఇంక ఆ బండితో నీకేల తలనొప్పి, నాకిచ్చెయ్," అంటే అదీ ప్రేమే అనుకున్నాను.

యార్డు నుంచి లారీని తేవాలంటే హెవీ లైసెన్సున్న మనిషి కావాలి. నాన్న దగ్గర చాలాకాలం పనిచేసిన డ్రైవరును పిలిచాను. అతను స్టీరింగు తుడుస్తూ, అన్నను పొగుడుతున్నాననే అనుకుని చెప్పాడు.

"మీ అన్న రూలంటే రూలే అక్కా. నాకు చిన్న లైసెన్సు ఉన్నప్పుడు దీన్ని ముట్టనిస్తేనా! 'ఇది తొమ్మిది టన్నులు రా, ముందు హెవీ చేసుకొని రాపో' అని డ్రైవింగు స్కూల్లో చేర్పించె. లైసెన్సు వస్తే మీ అమ్మే దేవుని ముందర పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి ఇచ్చె."

లారీ ఇంటి ముందు ఆగగానే దిగి నేరుగా అన్న అంగడికి నడిచాను.

అన్నను నిలదీశాను. మొదట ఆ డ్రైవరు తాగుబోతన్నాడు. తర్వాత గుర్తులేదన్నాడు. చివరికి, "నాలుగు దినాల్లో నువ్వే దిగి బండి నాకిచ్చేస్తావనుకుంటి. ఎనిమిది నెలలు తోల్తావని ఎవరు కలగన్నారు?" అన్నాడు. దానికి నేనన్న మాటలు అచ్చులో వేయదగినవి కావు. బండి ఇవ్వలేదు, ఇవ్వను. నా లైసెన్సు తిరిగి చేతికొచ్చాక, నా వయసులో సగం లేనివాళ్ళ పక్కన కూర్చుని ఇప్పుడు హెవీ నేర్చుకుంటున్నాను.

అన్న సంగతి అలా తేలిపోయింది. అమ్మ సంగతే తేలలేదు. నేను మొదటిసారి లారీ ఎక్కిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది అమ్మే. పోనిమ్మని చెయ్యూపింది కూడా. ఇప్పుడు అడిగితే, "బండ్ల సంగతి నాకేం తెలుసే," అంటుంది. అనపకాయలు ఒలుస్తూ తల ఎత్తదు. తెలియకపోతే ఆ డ్రైవరు లైసెన్సుకు కుంకుమ ఎందుకు పెట్టావు? తెలిసి ఉంటే, అన్న నాతో కారు లైసెన్సు చాలన్నప్పుడు, కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి, ఎందుకమ్మా మాట్లాడలేదు?