చిన్నాకుకీ పెద్దాకుకీ ఒకటే దారం

2002 వేసవి నాటికి నేను నరసాపురంలో ఒక లేసు ఎగుమతి కంపెనీలో డిజైన్ సెక్షన్ ఇన్‌ఛార్జిని. ఇన్‌ఛార్జి అంటే పెద్ద హోదా అనుకోకండి. ఆ సెక్షన్‌లో ఉన్నది నేనూ, ఒక డ్రాయింగు బల్లా, ఆ ఏడే కొన్న కంప్యూటరూ. అయితే నా బల్ల మీది కాగితమే చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లో లేసుగా మారేది. అందువల్ల కంపెనీలో నా మాటకు విలువ ఉండేది. ఆ విలువే ఒక మనిషికి కీడు చేసింది.

లేసు టేబుల్‌క్లాత్‌ని ఒక్కరే అల్లరన్న సంగతి చాలామందికి తెలియదు. డిజైనర్ గళ్ల కాగితం మీద, గడికి ఒక కుట్టు చొప్పున బొమ్మ గీస్తాడు. దాన్ని కంపెనీలోనే ఒకామె అల్లి చూపిస్తుంది. అది సాంపిల్. సాంపిల్ పాసయితే కాగితం నకళ్లూ, దారమూ ఏజెంట్ల ద్వారా ఊళ్లకు వెళతాయి. అక్కడ కొందరు పువ్వులూ ఆకులూ విడివిడిగా అల్లుతారు. దాన్ని చేతిపని అంటారు. ఆ ముక్కల్ని కలిపి ఒక గుడ్డగా చేయడం అతుకుపని. అది అందరికీ ఇవ్వరు. అతుకు ఎక్కడుందో కనబడకూడదు, గుడ్డ బల్ల మీద ఎక్కడా ఎగదన్నకుండా పరుచుకోవాలి. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాక ముడత కనబడితే తప్పు అతికినామెది. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అందరూ ఒప్పుకున్న మాట అది.

మా అతుకుపనివాళ్లలో సువార్తమ్మను మించినవారు లేరు. నరసాపురం పక్క పల్లె ఆమెది. యాభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. వాళ్ల చర్చిలో ప్రభు భోజనపు బల్ల మీద పరిచే గుడ్డ ఆమె చేతిదే. ఏటా క్రిస్మస్‌కి కొత్తది చేసి ఇచ్చేది. కంపెనీలో కొత్త ఏజెంటు ఎవరైనా చేరితే, ఆమె అతికిన గుడ్డ చేతికిచ్చి అతుకు చూపించమని ఆటపట్టించేవాళ్లం. పాపం అటు తిప్పీ ఇటు తిప్పీ ఓడిపోయేవారు.

ఆ వేసవిలో షోరూము ముందు పెట్టడానికి మొక్కలు తెమ్మని మా యజమాని నన్ను కడియం పంపారు. అక్కడ ఒక నర్సరీలో నీడ వల కింద ఫెర్న్ కుండీ చూశాను. పెద్ద రెమ్మకు రెండు పక్కలా చిన్న రెమ్మలు. ఒక్కో చిన్న రెమ్మా పెద్ద రెమ్మకు అచ్చు నకలు. దాని పక్కల ఉన్న ఆకులూ అంతే. ముక్క కూడా మొత్తంలాగే ఉండే ఇలాంటి బొమ్మను ఫ్రాక్టల్ అంటారని భీమవరంలో కంప్యూటర్ నేర్చుకుంటున్నప్పుడు విని ఉన్నాను. దాని ప్రోగ్రాము చాలా చిన్నది. ఒక కాడ గీయి, దాని రెండు పక్కలా ఇదే బొమ్మను తగ్గించి గీయి, మళ్లీ మొదటికి వెళ్లు. అంతే.

తిరిగొచ్చి అది రాసి నడిపించాను. తెర మీద ఒక కాడ లేచి, దానికి రెమ్మలు వేసి, రెమ్మలకు ఆకులు తొడిగింది. నా కుర్చీ వెనక నిలబడ్డ యజమాని, "ఏంటండీ మాస్టారూ, నీళ్లు పోయకుండానే పెరిగిపోతోంది!" అన్నారు. అప్పటికే ఒక విదేశీ బయ్యరు కొత్తరకం ఏదైనా చూపించమని అడుగుతున్నారు. బొమ్మ పంపించాం. వెంటనే ఆర్డరొచ్చింది, గడువు మాత్రం తక్కువ.

నేను చేసిన పని ఇది. ఆ గుడ్డకు పెద్దాకు, మధ్యాకు, చిన్నాకు అని మూడు సైజుల ముక్కలు కావాలి. పద్ధతి ప్రకారం మూడింటికీ సాంపిల్ అల్లించాలి. నేను పెద్దాకు ఒక్కటే అల్లించాను. అది ముచ్చటగా వచ్చింది. మిగతా రెండూ అదే బొమ్మ కదా, చిన్నవి అంతే కదా అనుకున్నాను. ఒకటి అల్లితే అన్నీ అల్లినట్టేనని నాకు నేనే సర్దిచెప్పుకుని, అదే కాగితాన్ని తగ్గించి ప్రింటు తీసి, పక్కన కొలత వేసి ఏజెంట్లకు ఇచ్చేశాను. చిన్నాకు అల్లడం కష్టంగా ఉందని ఆడవాళ్లు అంటున్నట్టు ఒక ఏజెంటు చెప్పాడు. కొత్త డిజైన్ వెళ్లిన ప్రతిసారీ వినే మాటే అనుకున్నాను. కొలతకు రాకపోతే వాపసు చేస్తామని చెప్పమన్నాను.

ముక్కలన్నీ కొలతకు సరిగ్గా వచ్చాయి. సువార్తమ్మ అతికింది. ఉతికి ఇస్త్రీ చేసేసరికి గుడ్డంతా ముడతలు. చిన్నాకులున్న చోటల్లా అతుకుల వెంట ఎగదన్ని, ఎంత నొక్కినా బల్లకు ఆనలేదు.

చెకింగ్ గదిలో పొడుగు బల్ల చుట్టూ మిగతా అతుకుపనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లందరి ముందూ ఆ గుడ్డ పరిచి, "సువార్తమ్మగారూ, మీ చెయ్యి ఇదివరకటిలా లేదండి. కొన్నాళ్లు అంచులు అల్లండి, అతుకుపని ఇంకొకరికి ఇద్దాం" అన్నాను. మర్యాదగానే అన్నాను. గారు అన్నాను, అండి అన్నాను. మా వైపు ఎంత మాటైనా అలాగే అంటాం.

ఆమె గుడ్డను తిరగేసి, ఒక్కో అతుకునూ వేలితో తడుముకుంటూ చివరిదాకా వెళ్లింది. "ఎక్కడ తప్పిందో తెలీట్లేదండి. నా చెయ్యే అయ్యుంటదిలెండి" అంది. ఆమె మొహం ఎర్రబడింది. పక్కనున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. నేను చెకింగ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి, టీకి వెళ్లాను.

రెండో గుడ్డను ఇంకొకామెకు ఇచ్చాం. వయసులో ఉన్న మనిషి, చురుకైన చెయ్యి. అదీ అచ్చు అలాగే ముడుచుకుంది. రెండు చేతులు ఒకేలా చెడిపోవు కదా. తలుపు వేసుకుని, ఆ గుడ్డలోంచి ఒక పెద్దాకూ ఒక చిన్నాకూ కోసి, కుట్టు కుట్టూ విప్పి, రెండు దారాల్నీ నేల మీద పక్కపక్కన పరిచాను. రెండూ ఒకటే పొడుగు.

అప్పుడు అర్థమైంది. తెర మీద గీతకు లావు లేదు, ఎంత తగ్గించినా తగ్గుతుంది. దారానికి లావు ఉంది. నా కాగితంలో చిన్నాకుకీ పెద్దాకుకీ కుట్లు సమానం. అన్ని కుట్లను చిన్న కొలతలో ఇరికించడానికి పాపం ఆడవాళ్లు ప్రాణం పెట్టి బిగించి అల్లారు. పొడిగా ఉన్నంతసేపు కొలతకు నిలిచింది. నీళ్లు తగలగానే దారం ఒదులై, తన సైజుకు తాను పెరగబోయి అతుకుల్ని తన్నేసింది. బయటికెళ్లి షోరూము ముందున్న ఫెర్న్ కుండీని భూతద్దంతో చూశాను. చిన్న ఆకులో గాట్లు తక్కువ. కొసకొచ్చేసరికి గాట్లే లేవు, వట్టి ఆకు. మొక్క కూడా సైజుతోపాటు పని తగ్గించుకుంటుంది. దాన్ని చూసి గీశానని చెప్పుకున్న నేను దాన్ని సరిగ్గా చూడనే లేదు. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి చూసి నవ్వుతాం. నేను నలుగురిలో అన్నది అదే మాట.

యజమానికి చెప్పాను. "కాగితం మార్చండి, సరిపోద్ది. ఇవన్నీ ఊళ్లో చెప్పుకునే మాటలా మాస్టారూ" అన్నారు. చిన్నాకులో కుట్లు తగ్గించి, మూడు సైజులకూ సాంపిల్ అల్లించాను. గుడ్డ బల్లకు అతుక్కుని పరుచుకుంది. బయ్యరుకు నచ్చి మళ్లీ ఆర్డరిచ్చారు. నా ఫెర్న్ బొమ్మను ఫ్రేము కట్టించి షోరూములో పెట్టారు. వచ్చినవాళ్లందరికీ యజమాని నన్ను చూపించి పరిచయం చేస్తుంటే, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ రెండు దారాలూ జేబులో వేసుకుని సువార్తమ్మ ఊరు వెళ్లాను. ఆమె అరుగు మీద, ఇరుగుపొరుగువాళ్లతో కూర్చుని అంచు అల్లుతోంది. కోడలి చేత నాకు కుర్చీ వేయించింది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే దిద్దుకోవాలి కాబట్టి అందరికీ వినబడేలా చెప్పాను. తప్పు నా కాగితానిదని, మీ చేతికి ఏమీ కాలేదని, మళ్లీ అతుకుపని తీసుకోమని అడిగాను. ఆమె రెండు దారాల్నీ కొసలు కలిపి పట్టుకుని చూసింది.

"మీరన్నది నిజవేనండి, ఒకటే పొడుగు. ఆ గుడ్డ సంగతి అదండి. నా చెయ్యి సంగతి వేరండి" అంది.

లోపలికి వెళ్లి, చర్చికి మొదలుపెట్టిన గుడ్డ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అతుకులు వెతకాల్సిన పని లేదు. విప్పి అతికి, మళ్లీ విప్పి అతికిన చోటల్లా దారం పీచు లేచి, ముళ్లు ముళ్లుగా కనబడుతోంది.

"ఇదివరకు చూసుకోకుండా అతికేసేదాన్నండి. ఇప్పుడు ప్రతిదీ చూసుకుంటన్నాను. చూసుకుంటే రావట్లేదండి."

ఆ గుడ్డను మడిచి ఆమె చేతికిచ్చాను. ఆమే నాకు మజ్జిగ ఇప్పించి, రోడ్డు దాకా వచ్చి సాగనంపింది. తర్వాత రెండుసార్లు అతుకుపని పంపాను. రెండుసార్లూ ముక్కలు ముక్కలుగానే, శుభ్రంగా మడతపెట్టి తిప్పి పంపింది. ఆ క్రిస్మస్‌కి వాళ్ల చర్చి బల్ల మీద నిరుటి గుడ్డే ఉతికి వేశారని ఏజెంటు చెప్పాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, ఏ డిజైన్‌కైనా ప్రతి సైజుకూ సాంపిల్ అల్లించకుండా కాగితం ఊళ్లకు పంపలేదు. ముడత వస్తే ముందు కాగితం చూడాలని, ఆ తర్వాతే మనిషిని పిలవాలని సెక్షన్‌లో నియమం పెట్టాను. ఈసారి రాసి పెట్టాను. డిజైన్‌లో తప్పు వస్తే కుట్లు తగ్గించి దిద్దుకోవచ్చు. నేను ఆ మాట అన్న రోజున సువార్తమ్మ చెయ్యి బాగానే ఉంది. ఆ మాట దిద్దుకోవడానికి వెళ్లేసరికి అది నిజమైపోయింది.