తాత పట్టిన సీటు

మేడ్చల్ స్టేషన్‌లో మొదటిసారి దిగినవాళ్ల మొహాలు చూడటం నాకు భలే సరదా. "ఇంతేనా!" అని రాసి ఉంటుంది వాటి మీద. హైవే పక్కన ఊరు కదా, స్టేషన్ కూడా ఘనంగానే ఉంటుందనుకుని వస్తారు. తీరా చూస్తే పొడుగాటి ప్లాట్‌ఫాం, కొన్ని బెంచీలు, బోలెడంత ఆకాశం. మా కాలనీలోకి కొత్తగా వచ్చిన కోస్తా ఆవిడ ఒకరు, "స్టేషన్ అన్నాక కాస్త గోల ఉండాలండీ, ఇక్కడ నిద్దరొచ్చేస్తోంది" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ, ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. నేను రోజూ ఆఫీసుకు ఇక్కడే లోకల్ బండెక్కుతాను. పొద్దుటి ఎండ పట్టాల మీదికి పాకుతూ వస్తుంటుంది. ఖాళీ బండి తలుపులు తెరుచుకుని ఎవరి కోసమో ఆగి ఉంటుంది. ఈ చోట ఎన్ని బండ్లు వచ్చిపోయినా ఎవరికీ ఏమీ జరగదనిపిస్తుంది.

జరిగింది. పోయిన చలికాలం, మా తాత చనిపోయాక.

తాత అస్థికలను బాసర తీసుకెళ్లి గోదావరిలో కలపాలని నాయిన అన్నాడు. చిన్న మట్టి ముంతలో పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టి, దాన్ని తాత ఎర్ర తువ్వాలులోనే మూట గట్టారు. ఆ మూట అవ్వ ఎవరికీ ఇవ్వలేదు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అస్థికలు పట్టుకెళ్లేటప్పుడు పోయిన మనిషికి దారి చెబుతూ వెళ్లాలి, చెప్పకపోతే ఏదో ఒక మలుపు దగ్గర ఆగిపోతారట. నాయినకు నలుగురిలో అలా మాట్లాడాలంటే సిగ్గు. అవ్వకు అలాంటివేమీ లేవు.

"ఇగో, ఆటో ఎక్కుతున్నం. సల్లగాలి కొడ్తాంది, చెవులకు రుమాలు సుట్టుకో" అంది మూటతో. స్టేషన్ రాగానే, "మెట్లున్నయ్, పైలం" అంది. తాత బతికుండగా ఆయనతో ఆవిడ ఇంత మెత్తగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. ఎప్పుడూ కస్సుబుస్సే. ఆయన పోయిన రోజు కూడా కన్నీటి చుక్క రాలలేదు, వచ్చినవాళ్లకు చాయ్ అందిందా లేదా అని చూసుకుంటూ తిరిగింది.

ఆ పొద్దున మంచు దట్టంగా పట్టింది. ప్లాట్‌ఫాం చివర కనబడటం లేదు. నాందేడ్ వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఆ తెల్లదనంలోంచి మెల్లగా, ముందు చప్పుడు, తర్వాత ఆకారం అన్నట్టు వచ్చింది. జనరల్ బోగీ కిక్కిరిసి ఉంది. అవ్వది పాత పద్ధతి. బండి ఆగీ ఆగకముందే చేతిలో ఉన్నది కిటికీలోంచి సీటు మీద పెట్టేయాలి. సంచి గానీ, తువ్వాలు గానీ, ఏదైనా సరే. ఇక ఆ సీటు మనదే, దాన్ని జరిపి కూర్చునే మొనగాడు ఈ లైన్‌లో లేడని ఆవిడ నమ్మకం. సరిగ్గా మా ముందే ఊచల్లేని కిటికీ ఒకటి ఆగింది. లోపల ఒక సీటు ఖాళీ. అవ్వ చేతులు వాటంతటవే లేచాయి.

"ఈడ కూసో. సీటు పట్టుకో, మేమొస్తున్నం" అని చెప్పి మూటను లోపల పెట్టింది.

తలుపు దగ్గర బస్తాలు, మనుషులు. నాయిన ఒక కాలు పైన పెట్టి అవ్వకు చెయ్యి అందించబోయాడు. ఆమెకు అందలేదు. బండి కదిలింది. నాయిన కిందికి దూకేశాడు. కిటికీ పక్కన ఎర్ర తువ్వాలు ఒక్క క్షణం కనబడి మంచులో కలిసిపోయింది.

 

"ఎవలన్న గట్ల జేస్తరా అమ్మా? సీటు కోసం బాపును ఇసిరేస్తవా?" నాయిన అరిచాడు.

"ఇసిరెయ్యలే," అంది అవ్వ. "కూసోబెట్టిన."

దిక్కులేని మూట అనుకుని ఎవరైనా బయటికి గిరాటేస్తే? పోలీసులు పట్టుకెళితే? తాత మళ్లీ దొరకడు. స్టేషన్ మాస్టర్ దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పాం. ఆయన గుంటూరు వైపు మనిషి. "కంగారు పడకండమ్మా, బాసర వెళ్లాల్సిన మూటని కామారెడ్డికి చెప్తాను" అని ఫోన్ చేశాడు. బండి అక్కడికి చేరేదాకా చేసేదేమీ లేదు. అవ్వ బెంచీ మీద ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరితో మాట్లాడాలో తెలియనట్టు పెదవులు కదిపి ఆపేసుకుంటోంది. నాకేమో తాతే కళ్ల ముందు. కిటికీకి ఆనుకుని, మంచులోంచి చెరువులు, మొక్కజొన్న చేలు తేలి వస్తుంటే చూస్తూ కూర్చున్నట్టు. ఎవరూ దారి చెప్పకపోతే ఎక్కడ దిగాలో తెలుస్తుందా ఆయనకు? భయమేసింది, నిజంగా.

చివరికి ఫోన్ మోగింది. స్టేషన్ మాస్టర్ వింటూ మాకేసి చూశాడు.

"ఉందటమ్మా. సీట్లోనే ఉందట. బోగీ నిండా నిలబడే ఉన్నారట గానీ ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదట. మీరు మూట పెడుతూ మాట్లాడింది ఎదురుసీటావిడ విందట. అస్థికలని అర్థమై, పెద్దాయన ఉన్నాడని ఎవరినీ కూర్చోనివ్వలేదట. కామారెడ్డిలో దింపించమంటారా? లేదంటే తనే బాసరలో దిగి, మీరొచ్చేదాకా ఉంటానంటోంది."

నాయిన "దింపమనండి" అనబోయాడు. అవ్వ లేచి నిలబడింది.

"దించకుండ్రి సారూ! జిందగీ అంత కూరగాయల గంపలు పట్టుకొని తలుపుకాడనే నిలబడ్డడు. ఒక్కనాడు ఎవ్వలు సీటియ్యలే. ఇప్పుడు కూసున్నోన్ని లేపుతరా?"

స్టేషన్ మాస్టర్ ఫోన్‌లోకి, "దింపొద్దు. పెద్దాయన్ని రానివ్వండి" అన్నాడు.

తర్వాతి బండిలో ఎవరో లేచి అవ్వకు చోటిచ్చారు. ఆవిడ కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడింది. "ఈడ గాలి మస్తుగొస్తాంది. గందుకేనేమో ఎన్నడు సీటు అడగకపోతుండె" అంది. ఎవరితో అందో నేను అడగలేదు.

బాసరలో ఆ ఎదురుసీటావిడ మూటను నేల మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. మమ్మల్ని ఎన్నడూ చూడలేదు, మేము ఎవరమో తెలియదు. "దారి చెప్పుకుంటనే అచ్చిన, అవ్వా. కామారెడ్డి అచ్చిందని, నిజామాబాద్ అచ్చిందని. సగంల ఇడిస్తె ఎట్ల?" అంది. నాయిన చేతులెత్తి మొక్కాడు. మేము దండం పెడుతుండగానే ఆవిడ తన బండి కోసం అవతలి ప్లాట్‌ఫాంకు పరుగెత్తింది.

గోదావరి దగ్గర నీళ్లు మెరుస్తున్నాయి. నాయిన స్నానం చేసి, తడిబట్టలతో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చేతులు చాచాడు. అవ్వ మెట్టు మీద కూర్చుని మూటను గుండెకు అదుముకుంది. ఇవ్వలేదు.

"ఇయ్యమ్మా. పొద్దు గుంకుతాంది."

అవ్వ తల అడ్డంగా ఊపింది. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆవిడకు, ఒళ్లంతా కుదిపేస్తూ.

"ఆగురా," అంది. "గింత తొందరేంది? ఇప్పుడే గద బండి దిగిండు."