కార్డు లేదని చెప్పే లైను

తను వద్దంటున్నా ఇంకొకరు చేయించిన తప్పుకి మా అక్క మొగుణ్ణి కింది అంతస్తుకి దించేశారు. పైన ప్రోగ్రాములు రాసే మనిషి, కింద కూర్చుని ఫోనులో ఫిర్యాదులు వినేవాడు.

వాళ్ల కంపెనీ చేసేది మందుల సీసాలు తనిఖీ చేసే యంత్రం. పగిలిన సీసాని కెమెరా పట్టుకోవాలి. ఆ కెమెరాని కంప్యూటరుకి కలిపే కార్డు లోపలొక స్లాటులో ఉంటుంది. బావ ప్రోగ్రాము ఆ కార్డు జోలికి నేరుగా వెళ్లదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిచి, ఫలానా స్లాటులో ఏముంది, దాని అమరికలేమిటి అని అడుగుతుంది. సిస్టమ్ చూసొచ్చి చెబుతుంది. చిక్కల్లా, స్లాటు ఖాళీగా ఉంటే లేదని చెప్పదు. ప్రతి గడిలోనూ ‘ఉంది’ అని అర్థమొచ్చే ఒకటి అంకె వేసి పంపుతుంది. తెలియనివాడు చదివితే ఆ కార్డుకి రాని విద్య లేదనుకుంటాడు. అందుకని బావ ఒక లైను రాశాడు: అన్నీ ఒకట్లే వస్తే తెర మీద ఎర్రగా ‘కార్డు లేదు’ అని చూపించాలి. ఆఫీసులో అతన్ని ‘అనుమానం గారు’ అనేవాళ్లు.

కొనేవాళ్లు చూడ్డానికొచ్చే రోజుకి కార్డు అందలేదు. శుభమా అని వాళ్లొస్తుంటే ఈ ఎరుపేమిటయ్యా, తీసెయ్ అన్నారు మేనేజరు గారు. బావ వద్దు వద్దంటూనే తీశాడు. తెరంతా పచ్చగా వెలిగింది. చప్పట్లు కూడా కొట్టారు. అందులో ఒకాయన, ఏమీ తోచక కాబోలు, యంత్రం మూత తీసి చూశాడు. స్లాటు ఖాళీ.

ప్రోగ్రాము రాసిందెవరని విచారణ జరిగింది. రాసింది బావే. తీయించిందెవరని ఎవరూ అడగలేదు. మేనేజరు గారు యంత్రాల మూతల మీద ‘కార్డు ఉన్నదీ లేనిదీ చూసుకోవలెను’ అని స్టిక్కరు అంటించి మెప్పు పొందారు. లైను మాత్రం తిరిగి పెట్టనివ్వలేదు. పెడితే, తీయించడం తప్పని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

యంత్రాలు స్టిక్కరుతోనే వెళ్లాయి. అదిరి అదిరి కార్డు ఊడొచ్చేది. తెర పచ్చగానే ఉండేది. పగిలిన సీసాలు మంచివాటితో కలిసి పెట్టెల్లోకి పోయేవి. ఆ ఫోన్లన్నీ బావకే.

చివరికి పైనుంచి కబురొచ్చింది: అందరి ముందూ తప్పు నాదేనంటే పాత సీటిస్తామని. అనెయ్యి, నోటి మాటేగా అంది అక్క. అంటే నీ ముఖం చూడనన్నాను నేను. బావ ఆ మాట అనేశాడు. మేనేజరు గారు భుజం తట్టి, పెద్ద మనసుతో క్షమించారట.

మొన్న కలిసినప్పుడు నన్ను చూసి, “ముఖం చూడనన్నావుగా, గోడవైపు తిరిగి కూర్చో బావమరిదీ” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నీకు మనసెలా ఒప్పింది బావా అన్నాను.

“కింద నా చేతికి ఫోనొక్కటే ఇచ్చారురా. పైన ప్రోగ్రాము ఇచ్చారు. వెళ్లగానే ఆ లైను పెట్టేసి అన్ని యంత్రాలకీ పంపేశాను.”

ఆ ఎరుపు చూసి మేనేజరు ఊరుకుంటాడా అని అడిగాను.

“ఊరుకోడు. తప్పు నాదేనంటాను. ఇప్పుడు అలవాటైపోయింది.”